శ్రీకాకుళం, విజయనగరం నుంచి 6,000 మీటర్ల మంచు శిఖరానికి: మొదటిసారి ఎక్కేవారికి సమగ్ర మార్గదర్శి

సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాళ్లం, హిమాలయాల్లో ఆరు వేల మీటర్లు ఎక్కగలమా, ఎక్కాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగేవారు పెరిగారు. ఎక్కవచ్చు. కాళ్లను ఇక్కడే తయారు చేసుకోవచ్చు. పల్చటి గాలికి ఒళ్లు అలవాటు పడడం మాత్రం అక్కడికి వెళ్లాకే, ఒక్కో రాత్రి గడిచేకొద్దీ జరుగుతుంది. అందుకే ఖర్చు లెక్క వేసేముందు రాత్రుల లెక్క వేయండి.

ఉదాహరణగా లద్దాఖ్‌లోని కాంగ్ యాత్సే-2ను తీసుకున్నాం. ఎత్తు 6,250 మీటర్లు. మంచు వాలు, హిమానీనదం, తాడు అన్నీ ఉంటాయి కాబట్టి దీన్ని ట్రెక్కింగ్ అనుకుని వెళ్లకూడదు. వేరే శిఖరం ఎంచుకున్నా వరుస క్రమం ఇదే.

1. ఏడాది ముందు: కోర్సు, తేదీలు, కాగితాలు

మొదట కోర్సు. ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్, డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల బేసిక్ కోర్సు దాదాపు నాలుగు వారాలు ఉంటుంది. సీట్లు నెలల ముందే నిండిపోతాయి. అందులో 'ఎ' గ్రేడ్ వస్తేనే అడ్వాన్స్‌డ్ కోర్సుకు తీసుకుంటారు. డబ్బు కట్టి గైడ్ వెంట నేరుగా శిఖరానికి వెళ్లడం కన్నా ఈ దారే మేలని మా గట్టి అభిప్రాయం. జారినప్పుడు ఐస్ యాక్స్‌తో (మంచులో దించే చిన్న గొడ్డలి) ఆగడం గైడ్ మీ బదులు చేయలేడు.

లద్దాఖ్‌కు జులై నుంచి సెప్టెంబర్ మధ్య వరకు అనువైన కాలం. మన దగ్గర వానలు పడే నెలల్లో అక్కడ వర్షం తక్కువ. ఆగస్టులో ఎక్కాలనుకుంటే ఏప్రిల్‌లో శిక్షణ మొదలవ్వాలి.

కాగితాల్లో చూసుకోవలసినవి:

- శిఖరానికి ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్ అనుమతి. ఏజెన్సీ ద్వారా వెళ్తే అనుమతి పత్రంలో మీ పేరు ఉందో లేదో కళ్లతో చూడండి.
- బీమా. పాలసీలో ఎత్తు పరిమితి ఎంతో చదవండి. ట్రెక్కింగ్ వరకే వర్తించే పాలసీ ఇక్కడ పనికిరాదు. తాళ్లతో ఎక్కడం, హెలికాప్టర్ తరలింపు రెండూ అందులో రాసి ఉండాలి.
- పోస్ట్‌పెయిడ్ సిమ్. ఇక్కడ తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు.
- శాటిలైట్ ఫోన్ అనుమతి లేకుండా మన దేశంలో వాడడం నేరం. బయటి దేశంనుంచి ఎవరో తెచ్చిచ్చినా తీసుకెళ్లొద్దు.

2. ఆరు నెలల ముందు: డాక్టరు దగ్గర

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టించుకుని వచ్చేయకండి. మన జిల్లాలవాళ్లు తప్పనిసరిగా చేయించుకోవలసిన పరీక్షలు రెండున్నాయి.

మొదటిది సీరం క్రియాటినిన్, అంటే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష. ఉద్దానంలో, అంటే ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు, కిడ్నీ జబ్బు పైకి ఏ లక్షణమూ లేకుండా ముదిరిపోతుంది. ఎత్తుకు అలవాటు పడేందుకు వాడే ఎసిటజోలమైడ్ మాత్ర కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు ప్రమాదం. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కూడా అంతే. ఎండలో శిక్షణ మొదలుపెట్టేముందే ఈ ఫలితం చేతిలో ఉండాలి.

రెండోది సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) పరీక్ష. సీతంపేట, పార్వతీపురం, సాలూరు ఏజెన్సీ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు దీన్ని వదలకండి. సికిల్ సెల్ లక్షణం ఒక్క తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చినవాళ్లకు మైదానంలో సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఎత్తులో ఆక్సిజన్ తగ్గినప్పుడు ప్లీహానికి రక్తం అందక ఎడమ డొక్కలో తీవ్రమైన నొప్పి రావచ్చు. ఫలితం పాజిటివ్ అయితే ఎత్తు శిఖరాల ఆలోచన రక్తవ్యాధుల నిపుణుడితో మాట్లాడాకే.

వీటితోపాటు హిమోగ్లోబిన్, బీపీ, షుగర్, ఈసీజీ. నలభై దాటితే ట్రెడ్‌మిల్ పరీక్ష. పిప్పిపన్ను ఉంటే ఇప్పుడే పూడ్పించుకోండి, చలిలో అది నిద్ర పోనివ్వదు.

సల్ఫా మందులు పడనివాళ్లు ఎసిటజోలమైడ్ గురించి డాక్టరుకు ముందే చెప్పాలి. డాక్టరు ఒప్పుకుంటే ఒకటి రెండు రోజులు ఇంటి దగ్గరే వాడి చూడండి. వేళ్లు తిమ్మిరెక్కడం, మూత్రం ఎక్కువ రావడం మామూలే. ఒంటి మీద దద్దుర్లు వస్తే మాత్రం ఆపేయాలి.

3. పదహారు వారాల శిక్షణ, ఇంటి దగ్గరే

శిఖరం రోజున బేస్ క్యాంపు నుంచి దాదాపు 1,200 మీటర్లు ఎక్కి, అదే రోజు దిగాలి. మొత్తం 12 నుంచి 16 గంటలు. కాబట్టి వేగంగా పరిగెత్తడం కన్నా గంటల తరబడి ఒకే తీరుగా ఎక్కగలగడం ముఖ్యం.

1 నుంచి 4 వారాలు: వారానికి నాలుగు రోజులు 45 నిమిషాల మెల్లని పరుగు. పక్కవాడితో మాట్లాడుతూ పరిగెత్తగలగాలి. రెండు రోజులు గుంజీలు, మెట్టు ఎక్కి దిగే వ్యాయామం, మడమలు ఎత్తడం, ప్లాంక్.

5 నుంచి 10 వారాలు: ఆదివారం బరువుతో కొండ. 6 కిలోలతో మొదలుపెట్టి వారానికో కిలో పెంచండి. నీళ్ల సీసాలు మోస్తే పైన పారబోసి తేలిగ్గా దిగవచ్చు, మోకాళ్లు తట్టుకుంటాయి.

11 నుంచి 14 వారాలు: శనివారం ఆరు గంటలు, ఆదివారం నాలుగు గంటలు, వరుసగా. ఇప్పుడు 12 కిలోల బరువుతోనే దిగడం కూడా మొదలవ్వాలి. తొడ కండరాలు దిగేటప్పుడే చితికిపోతాయి, దానికి అలవాటు చేయకపోతే శిఖరం నుంచి వచ్చేటప్పుడు కాళ్లు వణుకుతాయి.

15, 16 వారాలు: సగానికి తగ్గించండి. ఆఖరి వారంలో కొత్త ప్రయోగాలు వద్దు.

ఎక్కడ ఎక్కాలి? నెల్లిమర్ల దగ్గర రామతీర్థం కొండలు, శ్రీకాకుళం వైపు శాలిహుండం కొండ రోజువారీ సాధనకు సరిపోతాయి. చిన్న కొండలు కాబట్టి ఎక్కి దిగడం పదేపదే చేయాలి. నెలకోసారి పెద్దవి: మందస వెనక కనిపించే మహేంద్రగిరి 1,501 మీటర్లు, సాలూరు మీదుగా సుంకి ఘాట్ దాటి వెళ్తే దేవమాలి 1,672 మీటర్లు. రెండూ ఒడిశాలోవి, రెండింటికీ పైదాకా రోడ్డు ఉంది. మీరు నడిచే వెళ్లండి, స్థానికుణ్ని వెంట తీసుకెళ్లండి.

కొండ దగ్గర్లో లేనివాళ్లకు మేడ మెట్లు చాలు. మూడంతస్తులు దాదాపు 9 మీటర్లు. యాభై సార్లు ఎక్కితే 450 మీటర్లు అయినట్టు.

బయలుదేరేముందు దాటవలసిన గీత ఇది: 12 కిలోలతో గంటకు 300 మీటర్ల చొప్పున మూడు గంటలు ఎక్కగలగాలి, మర్నాడు పొద్దున కుంటకుండా నడవగలగాలి.

ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలుపెట్టి ఏడున్నరకు ముగించండి. ఉక్కపోతలో చెమటతో ఉప్పు పోతుంది, ఉత్త నీళ్లే తాగితే నీరసం తగ్గదు. ఓఆర్ఎస్ గానీ ఉప్పేసిన మజ్జిగ గానీ తాగండి.

ఒక మాట గుర్తుంచుకోవాలి. మహేంద్రగిరి ఎన్నిసార్లు ఎక్కినా పల్చటి గాలికి అలవాటు రాదు. ఆర్మీ రిక్రూట్‌మెంట్‌కు పరుగు తీసే కుర్రాళ్లు 1.6 కిలోమీటర్లు ఎంత వేగంగా కొట్టినా లద్దాఖ్ ముఖ్యపట్టణం లేహ్‌లో వాళ్లకూ తలనొప్పి వస్తుంది. నిజానికి బలంగా ఉన్నవాళ్లకే ముప్పు ఎక్కువ: ఊపిరి ఆడుతోంది కదా అని ముందుకు దూసుకుపోతారు, రాత్రికి పడిపోతారు.

4. సామాను: కొనేవి, అద్దెకు తీసుకునేవి

చలి ఎంత ఉంటుందో ఒక అంచనా. ప్రతి 1,000 మీటర్లకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. మన ఊళ్లో 28 డిగ్రీలున్న రాత్రి 6,250 మీటర్ల దగ్గర మైనస్ 12 చుట్టూ ఉంటుంది. గాలి వీస్తే ఒంటికి ఇంకా చల్లగా తగులుతుంది.

సొంతంగా కొనవలసినవి: ట్రెక్కింగ్ బూట్లు, లోపలి బట్టలు, మేజోళ్లు, గ్లవుజులు, కళ్లద్దాలు, హెడ్‌ల్యాంప్.

లేహ్‌లో గానీ మనాలీలో గానీ అద్దెకు దొరికేవి: రెండు పొరల మంచు బూట్లు, 12 పళ్ల క్రాంపాన్లు (మంచులో దిగేలా బూట్ల కింద కట్టుకునే ఇనుప పళ్లు), ఐస్ యాక్స్, హార్నెస్ (తాడు తగిలించుకునే నడుము పట్టీ), హెల్మెట్, జుమార్ (తాడు మీద పైకి మాత్రమే జరిగే పట్టు), మైనస్ 20 డిగ్రీలకు పనికొచ్చే స్లీపింగ్ బ్యాగ్.

ఎంచుకునేటప్పుడు:

- నూలు బనియన్లు, జీన్స్ వద్దు. చెమట పట్టి తడిస్తే ఆరవు, ఆగిన ఐదు నిమిషాల్లో ఒళ్లు వణుకుతుంది. ఉన్ని గానీ పాలిస్టర్ గానీ వాడండి.
- గ్లవుజులు మూడు పొరలు: పల్చటివి, ఉన్నివి, పైన వేళ్లు విడిగా లేని మందపాటివి. పై జత ఒకటి అదనంగా ఉండాలి. గాలికి ఒక గ్లవుజు ఎగిరిపోతే వేళ్లు పోయినట్టే.
- కళ్లద్దాలు కేటగిరీ 4వి (అతి ముదురు రంగువి), పక్కల నుంచి వెలుగు రాకుండా మూసి ఉన్నవి. బజారు కూలింగ్ గ్లాసులతో మంచు మీద కొన్ని గంటల్లోనే కళ్లు మండి చూపు ఆనదు.
- అద్దె బూట్లు రెండు జతల మేజోళ్లతో తొడిగి, వాలు మీద దిగి చూడండి. బొటనవేలు ముందుకు తగిలితే ఒక సైజు పెద్దది తీసుకోండి.
- క్రాంపాన్‌ను ఆ బూటుకే బిగించి, పట్టీ కట్టకుండా బూటు ఎత్తి గట్టిగా ఊపండి. ఊడితే సైజు సరిగా లేనట్టు.

తీరప్రాంతం వాళ్లకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. బూట్ల సోల్‌లో ఉండే పాలియురిథేన్ వేడికీ తేమకూ లోలోపలే చివికిపోతుంది. నాలుగైదేళ్లు బీరువాలో ఉన్న బూట్లు పైకి కొత్తవిలా కనిపించి, రెండో రోజు నడకలో సోల్ మొత్తం విడిపోతుంది. బయలుదేరే ముందు నెలలో వాటితో బరువు మోస్తూ నాలుగుసార్లైనా నడవండి.

5. ఎత్తుకు అలవాటు: రాత్రుల పట్టిక

5,500 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదాంట్లో సగం. 3,000 మీటర్లు దాటాక సూత్రం ఒక్కటే: పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి పెరగకుండా ఒక రాత్రి ఉండాలి. పగలు ఎంత ఎత్తుకు వెళ్లి వచ్చినా సరే, లెక్కలోకి వచ్చేది పడుకున్న చోటే.

ఇక్కడి నుంచి ఢిల్లీకి రైలు, అక్కడి నుంచి లేహ్‌కు విమానం ఎక్కితే గంటన్నరలో 3,500 మీటర్లకు చేరతారు. రోడ్డున వెళ్లగలిగితే శ్రీనగర్, కార్గిల్ దారి మంచిది, మెల్లగా ఎత్తు పెరుగుతుంది. మనాలీ దారిలో చాలామంది 4,200 మీటర్లు దాటిన సర్చూలో రాత్రి ఆగుతారు. అది తొందరపాటు.

కాంగ్ యాత్సే-2కు మేము సూచించే పట్టిక, ఎత్తులు సుమారుగా:

- 1, 2, 3 రాత్రులు: లేహ్, 3,500 మీటర్లు. మొదటి రోజు పూర్తి విశ్రాంతి, మెట్లు కూడా అవసరమైతేనే. రెండో రోజు సాయంత్రం శాంతి స్తూపం దాకా మెల్లగా. మూడో రోజు 300 మీటర్లు ఎక్కి దిగడం.
- 4: స్కియు, 3,400
- 5: మార్ఖా, 3,750
- 6, 7: తాచుంగ్‌త్సే, 4,250. ఏడో రోజు పగలు 4,600 దాకా వెళ్లి వెనక్కి.
- 8: నిమాలింగ్ వైపు, 4,700
- 9, 10: బేస్ క్యాంపు, 5,050. పదో రోజు మంచు మీద సాధన.
- 11: శిఖర ప్రయత్నం
- 12, 13: వాతావరణం కోసం అట్టిపెట్టిన రోజులు

తక్కువ రోజుల ప్యాకేజీలు తీసేసేది ఏడో రాత్రినీ ఎనిమిదో రాత్రినీ. తాచుంగ్‌త్సే నుంచి నేరుగా బేస్ క్యాంపుకు అంటే ఒక్క రోజులో 800 మీటర్లు. మంచి బూట్లకు పెట్టే డబ్బు తగ్గించి అద్దెవి తీసుకోండి గానీ, ఈ రాత్రులు మాత్రం తగ్గించకండి.

డాక్టరు ఎసిటజోలమైడ్ రాస్తే నివారణకు మామూలు మోతాదు 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ఒక రోజు ముందు నుంచి. మన దగ్గర దొరికేది ఎక్కువగా 250 మాత్ర కాబట్టి సగం.

రోజూ ఉదయం, సాయంత్రం ఒకరినొకరు ఇలా చూసుకోవాలి:

- తలనొప్పితోపాటు వికారం, ఆకలి లేకపోవడం, నీరసం ఉంటే ఆ రోజు ఎక్కడం ఆపండి. తగ్గాకే ముందుకు. మర్నాటికీ తగ్గకపోతే కిందికి.
- నేల మీద గీత గీసి, మడమకు వేలు ఆనిస్తూ పది అడుగులు నడిపించండి. తూలితే, మాట తడబడితే మెదడు వాచినట్టు. వెంటనే కిందికి.
- కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, తడి దగ్గు, గులాబీ రంగు నురగ: ఊపిరితిత్తుల్లో నీరు చేరినట్టు. వెంటనే కిందికి.

ఆఖరి రెండింటిలో తెల్లవారేదాకా ఆగడం ప్రాణాంతకం. అర్ధరాత్రయినా తోడు ఇచ్చి దించాలి. ఆక్సిజన్, డెక్సామిథాసోన్, నిఫెడిపిన్ మందులు దించడానికి సాయపడతాయి, దించకుండా ఉండడానికి కాదు. ఆక్సీమీటర్ అంకె ఒక్కటే నమ్మవద్దు. చల్లటి వేలికి అది తప్పు చూపుతుంది, పైగా బేస్ క్యాంపులో 80 చుట్టూ ఉండడం చాలామందికి మామూలే.

6. తిండి, నీళ్లు

5,000 మీటర్ల దగ్గర నీళ్లు 83 డిగ్రీల చుట్టూనే మరిగిపోతాయి. కుక్కర్ లేకపోతే అన్నం పలుకుగా, పప్పు రాయిలా మిగిలిపోతాయి. వంటవాళ్ల దగ్గర కుక్కర్, దానికి అదనపు గాస్కెట్ ఉన్నాయో లేదో అడగండి.

పైకి వెళ్లేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది. నోటికి అలవాటైనవే అప్పుడు దిగుతాయి: చోడిపిండి జావ, అటుకులు, నువ్వుండలు, వేరుశనగ చిక్కీ, పలాస జీడిపప్పు, కాస్త ఊరగాయ. శిఖరం రోజుకు గంటకు 200 కేలరీల చొప్పున చిన్న పొట్లాలు కట్టి జేబుల్లో పెట్టుకోండి, సంచిలో ఉంటే తీయరు. చలికి గట్టిపడి పళ్లకు తెగనివి వద్దు.

రోజుకు మూడు నాలుగు లీటర్ల ద్రవాలు చాలు. ఆరేడు లీటర్లు తాగితే ఎత్తు జబ్బు రాదనడం అపోహ, రక్తంలో ఉప్పు పల్చబడి కొత్త ప్రమాదం వస్తుంది. రాత్రి నడకలో సీసాను తలకిందులుగా పెట్టండి. మంచు పైభాగంలో ముందు కడుతుంది, మూత దగ్గర నీళ్లు మిగులుతాయి. గొట్టంతో తాగే సంచులు గడ్డకట్టిపోతాయి.

7. మంచు మీద

కోర్సులో నేర్చుకున్నదే అయినా బేస్ క్యాంపులో పదో రోజు మళ్లీ చేయండి.

క్రాంపాన్‌తో కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, పాదం మొత్తం ఆనించి అన్ని పళ్లూ దిగేలా నడవాలి. మడమతోనో మునివేళ్లతోనో నడవడం వల్లే జారతారు. పట్టీల చివరలు వేలాడకుండా దోపండి. రెండో కాలి పళ్లు వాటిలో చిక్కుకుని పడేవాళ్లు చాలామంది. ఎండెక్కాక పళ్ల మధ్య మంచు ముద్ద కడుతుంది, యాక్స్ కర్రతో బూటు పక్కన తట్టి రాల్చండి.

జారితే: బోర్లా తిరిగి, యాక్స్ మొనను భుజం పక్కన మంచులో దించి, ఒంటి బరువంతా దాని మీద వేయాలి. కాళ్లకు క్రాంపాన్లుంటే పాదాలు పైకి ఎత్తి ఉంచాలి, లేదంటే పళ్లు తట్టుకుని తలకిందులవుతారు. మొదటి రెండు సెకన్లలో చేస్తేనే పనిచేస్తుంది. అందుకే ఆలోచించకుండా వచ్చేదాకా రెండు పక్కలా సాధన చేయాలి.

హిమానీనదం మీద ముగ్గురు నలుగురు ఒకే తాడుకు కట్టుకుంటారు. మనిషికీ మనిషికీ మధ్య 10 నుంచి 12 మీటర్లు. తాడు వేలాడుతూ చుట్టలు పడకూడదు, మరీ బిగుసుకోకూడదు. తాడు మీద కాలు వేయొద్దు.

కట్టి ఉన్న తాడు మీద ఎక్కేటప్పుడు లంగరు (తాడును మంచులో బిగించిన చోటు) దగ్గర ముందు సేఫ్టీ కారాబైనర్‌ను (హార్నెస్‌ను తాడుకు తగిలించే కొక్కెం) అవతలికి మార్చి, ఆ తర్వాతే జుమార్ మార్చాలి. రెండూ ఒకేసారి తాడు నుంచి విడిగా ఉన్న క్షణం ఒక్కటి కూడా ఉండకూడదు. ఇంట్లోనే మందపాటి గ్లవుజులు తొడుక్కుని, దీపం ఆర్పి ఇది వందసార్లు చేయండి.

8. శిఖర రాత్రి

సాయంత్రం నాలుగున్నరకు భోజనం, ఆరుకల్లా పడక. నిద్ర పట్టకపోయినా కళ్లు మూసుకుని ఉండండి. రాత్రి పదికి లేచి, పదకొండుకు బయలుదేరాలి. హార్నెస్ టెంటులోనే కట్టుకుని, బకిళ్లు పక్కవాడితో చూపించుకోండి. హెడ్‌ల్యాంప్ బ్యాటరీలు లోపలి జేబులో.

మొదటి గంట అతి నెమ్మదిగా. ప్రతి అడుగులో వెనక కాలు నిటారుగా చేసి దాని మీద ఒక్క క్షణం బరువు నిలిపితే కండరానికి విశ్రాంతి దొరుకుతుంది. చెమట పడుతోందంటే వేగం ఎక్కువైనట్టు.

గంటకు 150 మీటర్లు ఎక్కితే ఎనిమిది గంటలు, అంటే ఉదయం ఏడుకు శిఖరం. గంటకు 100 మాత్రమే అయితే పదకొండు అవుతుంది, అది ఆలస్యం. తెల్లవారుజామున నాలుగుకు 5,600 మీటర్లు చేరకపోతే అక్కడే వెనక్కి. ఎక్కడున్నా సరే, తొమ్మిదిన్నరకు వెనక్కి. ఈ గంటలు బేస్ క్యాంపులోనే అందరూ ఒప్పుకుని కాగితం మీద రాసుకోవాలి. పైన మెదడు సరిగా ఆలోచించదు, ఇంకో అరగంటే కదా అనిపిస్తుంది.

వేళ్లు నొప్పి పుట్టడం ఆగి మొద్దుబారితే వెంటనే ఆగి చంకలో పెట్టి వేడెక్కించండి. రుద్దకండి, స్టౌ దగ్గర కాచకండి. రంగు తెల్లగా మారి స్పర్శ తిరిగి రాకపోతే ఆ మనిషిని దించాలి.

9. దిగడం, ఆ తర్వాత

శిఖరం మీద పదిహేను నిమిషాలు చాలు. ఒక పొట్లం తిని, నీళ్లు తాగి, క్రాంపాన్ పట్టీలు బిగించుకుని కదలండి. అలసట, మెత్తబడిన మంచు, తొందర మూడూ కలిసేది దిగేటప్పుడే.

- నిటారు చోట్ల వాలు వైపు ముఖం పెట్టి, మునిపళ్లు తన్నుతూ దిగండి. మిగతా చోట్ల మోకాళ్లు కాస్త వంచి పాదం మొత్తం ఆనించండి.
- క్రాంపాన్లతో కూర్చుని జారొద్దు, చీలమండ విరుగుతుంది.
- అలసిపోయినవాణ్ని తాడు చివర వదలకండి, అనుభవం ఉన్నవాడు అతని పైన ఉండాలి.
- క్రాంపాన్లు విప్పే చోట పది నిమిషాలు కూర్చుని తినండి. రాళ్ల దారిలో కాలు మెలికపడేది ఆ తర్వాతే.
- తెచ్చిన ప్లాస్టిక్, బ్యాటరీలు అన్నీ వెనక్కి తీసుకురండి.

ఇంటికి చేరాక జాకెట్టు, స్లీపింగ్ బ్యాగ్ సంచిలో కుక్కి ఉంచకండి. నీడలో రెండు రోజులు ఆరబెట్టి, వదులుగా వేలాడదీయండి. బూట్ల లోపలి పొర బయటికి తీసి ఆరాక, సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో పెట్టి, పొట్లాలను నెలకోసారి మార్చండి. మళ్లీ వాడేముందు సోల్ వంచి చూడండి. పగుళ్లు కనిపించినా, పిండిలా రాలినా ఆ జత అక్కడితో సరి.